అత్తగారి ఇంగ్లీషు – కోడలి బేరం

అత్తాకోడళ్ళ కథ చెప్పి ఏడిపించడం తేలిక. నవ్వించడం కష్టం. అందుకేనేమో మన టి.వి.ల్లో అత్తాకోడళ్ళ పేరు చెప్పి కన్నీళ్ళు అమ్మినవాళ్ళు కోకొల్లలుగా వుంటే, నవ్వులు అమ్మగలిగినవాళ్ళు మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే. అత్త విషం కలపాలి, కోడలు తాగాలి, తాగి కూడా బతకాలి, బతికి మళ్ళీ ఆ అత్తగారి కాళ్ళకే దణ్ణం పెట్టాలి – ఇలా సాగదీసుకుంటూ పోతే కథ ఏళ్ళ తరబడి నడుస్తుంది. నడిచింది కూడా. 2000లో స్టార్ ప్లస్‌లో మొదలైన "క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ" 2008 దాకా ఎనిమిదేళ్ళు నడిచింది. దాని వెనక అలాంటివి మరికొన్ని బారులు తీరాయి. ఆ ధోరణి మెల్లిగా అన్ని భాషల ఛానళ్ళకూ అంటుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 2004 నవంబరులో, అదే స్టార్ సంస్థవారు కొత్తగా పెట్టిన స్టార్ వన్ ఛానల్లో "సారాభాయ్ వర్సెస్ సారాభాయ్" అని ఒక హాస్య సీరియల్ మొదలైంది. ఇందులోనూ అత్త వుంది, కోడలూ వుంది. ఇద్దరికీ ఒక్క విషయంలోనూ పొంతన లేదు. అయినా ఎవరూ ఎవరికీ విషం పెట్టరు. ఎవరూ ఎవర్నీ ఇంట్లోంచి గెంటరు. అన్నిటికన్నా గమ్మత్తు – కోడలు ఏడవదు!

2006లో ఆగిపోయేసరికి సుమారు డెబ్బై భాగాలు వచ్చాయి. మొదటిసారి ప్రసారమైనప్పుడు చూసినవాళ్ళు తక్కువే. తరవాత పునఃప్రసారాల్లోనూ, ఇంకా తరవాత ఫోన్లలోనూ చూసినవాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 2025 అక్టోబరులో నటుడు సతీష్ షా కన్నుమూసినప్పుడు చాలామందికి మొదట గుర్తొచ్చింది ఇందులో ఆయన వేసిన మామగారి వేషమే. 1983 నాటి "జానే భీ దో యారో" సినిమాలో శవంగా నటించి జనాన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిన మనిషి ఆయన. మరుసటి ఏడు దూరదర్శన్‌లో వచ్చిన "యే జో హై జిందగీ"లో వారానికో వేషం వేసి మెప్పించాడు. అయినా జనం మనసులో మామగారిగానే నిలిచిపోయాడు.

అంచేత ఈ సీరియల్ గురించి కాస్త తీరిగ్గా మాట్లాడుకోవలసిన అవసరం వుంది. నవ్వించిందా లేదా అని కాదు – నవ్వించింది, అందులో సందేహం లేదు. ఎవర్ని చూసి నవ్వించింది, ఎవరి ఖర్చు మీద నవ్వించింది అన్నదే ప్రశ్న. ఎందుకంటే ఇందులో అత్తగారు కోడల్ని తిట్టే తిట్టు ఒకే ఒక్కటి: "మిడిల్ క్లాస్". అంటే మనమే!

కథ చాలా చిన్నది. ముంబైలో కఫ్ పరేడ్ అనే బాగా డబ్బున్నవాళ్ళ పేటలో సారాభాయ్‌లనే గుజరాతీ కుటుంబం. ఇంటి యజమాని ఇంద్రవదన్ – పేరుకు పెద్దమనిషి, బుద్ధికి బడి ఎగ్గొట్టిన పిల్లాడు. ఆయన భార్య మాయ – మాట, నడక, చీరకట్టు, భోజనాల బల్లమీద చెంచా పెట్టే తీరు, అన్నీ కొలిచి దిద్దినట్టుండే ఇల్లాలు. పెద్దకొడుకు సాహిల్ డాక్టరు – అందాలు సరిదిద్దే శస్త్రచికిత్సలు చేస్తాడు. రెండోవాడు రోసేష్ – నాటకాలు వేస్తాడు, కవిత్వం రాస్తాడు, అమ్మ కొంగు వదలడు. సాహిల్ ప్రేమించి పెళ్ళాడిన పిల్ల మోనీషా. ఢిల్లీ పక్కన నోయిడా నుంచి వచ్చింది. బేరమాడనిదే వస్తువు కొనదు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అంటే అవసరం లేకపోయినా రెండు తెస్తుంది. తెచ్చింది పారెయ్యదు. ఇల్లు సర్దడం ఆవిడ జాతకంలో లేదు. అత్తగారు అసహ్యించుకునే ఏడుపు సీరియళ్ళంటే ఆవిడకు ప్రాణం.

ఇల్లు ఒకటే అనడానికీ లేదు, రెండు అనడానికీ లేదు. అత్తమామలది ఈ ఫ్లాటు, కొడుకూ కోడలిది ఎదురు ఫ్లాటు. మధ్య నాలుగడుగుల నడవా. ఆ తలుపూ ఈ తలుపూ ఎప్పుడూ బార్లా తెరిచే వుంటాయి. పొద్దున్న లేచింది మొదలు వీళ్ళు అక్కడా, వాళ్ళు ఇక్కడా. ఈ ఏర్పాటు చేసిన రచయిత ఆతిష్ కపాడియా లోకం తెలిసినవాడు. ఒకే వంటిల్లయితే ఈ కథ మూడో వారానికే ఏడుపు అయ్యేది. రెండు ఊళ్ళయితే అసలు కథే లేకపోయేది. ఎదురెదురు గుమ్మాలు కాబట్టి పోట్లాట రోజూ వుంటుంది, అలిసిపోతే తలుపు వేసుకునే వీలూ వుంటుంది. (వేసుకోరనుకోండి, అది వేరే సంగతి.) మన ఇళ్ళల్లో ఎంతమంది కోడళ్ళకు ఆ రెండో తలుపు వుంది? ఈ నవ్వుకు మొదటి పెట్టుబడి ఆ రెండో ఫ్లాటే. అది డబ్బుతో వచ్చింది. ఈ మాట ముందే అనుకుని పక్కన పెట్టుకుందాం.

ఇక అత్తగారి సంగతి. గయ్యాళి అత్త అనగానే మన తెలుగువాళ్ళకు కళ్ళముందు నిలబడేది సూర్యకాంతంగారు. ఎడంచెయ్యి ఆడిస్తూ, గొంతు చించుకుని, వీధి వీధంతా వినపడేట్టు సాధించే అత్త. ఆవిడ తిడుతుంటే కోడలు ఏడ్చినా, ఇరుగుపొరుగువాళ్ళకు నిజం తెలుసు. తిట్టు తిట్టులాగే వినిపిస్తుంది కాబట్టి తీర్పు కోడలి పక్షానే వుంటుంది. పైగా కథ చివర ఆవిడకు బుద్ధి వచ్చి తీరాలి. 1962 నాటి "గుండమ్మ కథ"లో గుండమ్మకు ఛాయాదేవి వేషం వేసిన దుర్గమ్మ చేతిలో శాస్తి జరిగాకనే మనం తృప్తిగా హాల్లోంచి బయటికొచ్చాం.

మాయ సారాభాయ్ అలాంటిది కాదు. గొంతు పెంచదు. పేరు పెట్టి తిట్టదు. నవ్వుతూ, తల కాస్త పక్కకు వంచి, కోడల్ని "బేటా" అని పిలిచి మరీ నెమ్మదిగా ఒక మాట అంటుంది. ఆ మాటలో ఒక పెద్ద ఇంగ్లీషు ముక్క వుంటుంది. విన్నవాళ్ళు అది సలహా అనుకోవచ్చు, జాలి అనుకోవచ్చు, పెంపకం అనుకోవచ్చు. తిట్టు అని నిరూపించడం ఎవరి తరం కాదు. పోయి మొగుడికి చెప్పుకుంటే, "అమ్మ ఏమందని?" అంటాడు. నిజమే, ఏమంది?

ఇలాంటి అత్తగారు మనకు సినిమాల్లో కనపడలేదు గానీ, ఇళ్ళల్లో బాగా తెలుసు. "మా ఇంట్లో అలా చెయ్యం అమ్మా" అన్న ఒక్క వాక్యంతో ముప్ఫై ఏళ్ళు కాపరం దిద్దినవాళ్ళు వున్నారు. "మీవాళ్ళు ఇలా వండుతారు కాబోలు" అని అడిగి, ఒక్క ముద్ద తిని, పళ్ళెం ముందుకు జరిపినవాళ్ళు వున్నారు. సూర్యకాంతంగారి అత్తకు జవాబు చెప్పచ్చు. ఈ అత్తకు జవాబు లేదు. ఈ సంగతి పట్టుకోవడం ఈ సీరియల్ చేసిన మొదటి గొప్పపని. దెబ్బ తగలని తిట్టు, రుజువు దొరకని అవమానం – వీటిని తెరమీద చూపించి, "ఇదుగో, ఇది కూడా తిట్టే" అని పదిమంది చేతా ఒప్పించింది. ఏ కన్నీటి సీరియలూ ఈ పని చెయ్యలేదు. అక్కడ విషం సీసా చూపిస్తే గానీ అత్త చెడ్డదని తెలియదు.

మాయ వేషం వేసిన రత్నా పాఠక్ షా లేకపోతే ఇదంతా కాగితం మీదే వుండిపోయేది. ఆవిడ గుజరాతీ రంగస్థలంలో పేరుపొందిన దీనా పాఠక్ పెద్దకూతురు. ఆవిడ చెల్లెలు సుప్రియా పాఠక్. అక్కాచెల్లెళ్ళిద్దరూ 1985లోనే దూరదర్శన్‌లో "ఇధర్ ఉధర్"లో కలిసి నటించారు. మాయని ఆవిడ రాక్షసిగా చెయ్యలేదు, అదే విశేషం. జాగ్రత్తగా చూస్తే మాయ కళ్ళల్లో కోపం కన్నా బెదురే ఎక్కువ. నలుగురు పెద్దవాళ్ళు ఇంటికొచ్చిన వేళ కోడలు ఎక్కడ తువ్వాలు కుర్చీమీద ఆరేసి వుంటుందో, ఎక్కడ వస్తువు ధర చెప్పి మురిసిపోతుందో అని ఆవిడ ప్రాణం గిలగిల్లాడుతుంది. తన గొప్ప అంతా ఇతరులు ఒప్పుకుంటేనే నిలుస్తుందని ఆవిడకు లోపల్లోపల తెలుసు. మోనీషాకు ఆ బెంగ లేదు. ఎవరేమనుకుంటే తనకేమి? అందుకే ఇద్దరిలో హాయిగా నిద్రపోయేది కోడలే.

రచయిత ఇంకో చమత్కారం చేశాడు. మాయకు అభిరుచి వుంది, మోనీషాకు లేదు – ఇదీ అత్తగారి తీర్పు. సరే, ఆ తీర్పు చెప్పే అర్హత ఆవిడకుందా అని పరీక్షించడానికి ఇంట్లోనే ఒక కొలత పెట్టాడు. ఆ కొలత పేరు రోసేష్. వాడు చదివే కవిత్వం విని పక్కవాళ్ళు చెవులు మూసుకుంటారు. తండ్రి వాణ్ణి ఏడిపించని రోజు లేదు. మాయ మాత్రం కళ్ళు మూసుకుని, పరవశించిపోయి వింటుంది. కుర్చీ గుడ్డ రంగు కాస్త తేడా వస్తే పసిగట్టే మనిషి, కన్నకొడుకు కవిత్వం కవిత్వం కాదని పసిగట్టలేదు! ఇంక ఆవిడ అభిరుచి మాట ఎవరు నమ్మాలి? ఒక్కమాట కూడా ఎదురు చెప్పకుండా కోడలి పక్షాన వాదించినట్టే అయింది. అభిరుచి అని మనం అనుకునేది చాలామట్టుకు మనవాళ్ళ మీద మమకారమేనని, పైవాళ్ళ దగ్గర కనపడితే అదే మొరటుతనమవుతుందని ఇంత తేలిగ్గా చెప్పిన సీరియల్ నాకు ఇంకొకటి తెలియదు.

ఇంతవరకూ మెచ్చుకోలు. ఇక పేచీ.

మోనీషాకు అవమానం తగలదు. ఇది ఈ కథలో మొదటి నియమం. అత్తగారు అంత పెద్ద ఇంగ్లీషు మాట విసిరితే, ఒక క్షణం మూతి ముడిచి, మరుక్షణం వేరే ధ్యాసలో పడిపోతుంది. హాస్యానికి ఇది కావాలి, కాదనను. ప్రతి మాటకూ బాధపడేదాన్ని చూసి ఎవరు నవ్వగలరు? కానీ నిజం ఇంట్లో మాట అలా జారిపోదు. లోపలికి దిగి కూర్చుంటుంది. పెళ్ళయిన కొత్తలో పచ్చడి మీద అన్న ఒక మాట మనవలెత్తాక కూడా అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పగల ఆడవాళ్ళు ప్రతి వీధిలోనూ వున్నారు. రచయిత మోనీషాకు తోలు మందంగా ఇచ్చి, మనకు నవ్వుకునే అనుమతి ఇచ్చాడు. అది ఈ కథ బలం. అబద్ధం కూడా అదే.

ఇందులో ఒక విచిత్రం జరిగింది. మోనీషా వేషం వేసిన రూపాలీ గంగూలీ 2020లో స్టార్ ప్లస్‌లోనే "అనుపమా"గా వచ్చింది. ఆ కథలోనూ ఇంగ్లీషు రాని ఇల్లాలే. ఇంటిల్లిపాదికీ వండి పెట్టి, వాళ్ళచేతే చులకన చేయించుకునే ఇల్లాలే. కానీ ఇక్కడ ఆవిడ ఏడుస్తుంది, దేశమంతా ఆవిడతో ఏడ్చింది. ఆ కథకు మూలం "శ్రీమొయీ" అనే బెంగాలీ సీరియల్. దాన్నే తెలుగులో 2020లో మొదలైన "ఇంటింటి గృహలక్ష్మి"గా స్టార్ మాలో చూశాం – కస్తూరి తులసిగా వేసింది, మరిచిపోయి వుండరు. ఒకే నటి, ఒకే లోపం, ఒకే చులకన. ఒకచోట నవ్వయింది, ఒకచోట ఏడుపయింది. తేడా ఎక్కడుంది?

మోనీషాకు ఇంట్లో తన పక్షాన మాట్లాడే మనిషి వున్నాడు. అదీ తేడా. మొగుడు ఆమెను చూసి సిగ్గుపడడు. మామగారు ఆమెను వెనకేసుకొస్తాడు. ఆ రెండో తలుపు ఎలాగూ వుంది. ఈ మూడూ తీసెయ్యండి – మోనీషా తులసి అయిపోతుంది. అంటే నవ్వూ ఏడుపూ ఆ పిల్ల స్వభావంలో లేవు. చుట్టూ వున్నవాళ్ళలో వున్నాయి. అవమానాలు నవ్వుతూ తోసెయ్యాలమ్మా అని కోడళ్ళకు ఉపదేశించే పెద్దలు ఈ సంగతి గమనించాలి. నవ్వుతూ తోసెయ్యడానికి వెనక ఒక గోడ కావాలి. గోడ లేనిదాన్ని నవ్వమంటే ఎలా?

మామగారి మాట వచ్చింది కాబట్టి అది కూడా తేల్చుకుందాం. ఇంద్రవదన్ని అందరూ ప్రేమిస్తారు. సతీష్ షా వేస్తే ప్రేమించక తప్పదు. కోడలి పక్షం వహించే మామగారు ఎవరికి చేదు? కానీ ఆయన ఆ పక్షం ఎందుకు వహిస్తున్నాడో చూశారా? ఆయనకు తన పెళ్ళాం మీద వున్న పాత లెక్కలు వేరే వున్నాయి. ఇన్నేళ్ళుగా మాయ ఆయన్ని దిద్దబోయి ఓడిపోయింది. కోడలు వచ్చాక ఆయనకు ఒక సైనికుడు దొరికాడు. అత్తాకోడళ్ళ మధ్య మంట చల్లారబోతే ఆయనే ఇంకో పుల్ల వేస్తాడు. వేసి, కుర్చీ లాక్కుని కూర్చుని, చక్కగా చూస్తాడు. ఆడవాళ్ళిద్దరూ కొట్టుకుంటుంటే ఇంట్లో మగవాడికి అంతకంటే చవకైన వినోదం ఏముంది? మన ఇళ్ళల్లో కూడా "వాళ్ళిద్దరి మధ్యకు నేను పోనండీ" అని పేపరు అడ్డం పెట్టుకున్న పెద్దమనిషి, ఆ పేపరు వెనక నవ్వుకుంటూనే వుంటాడు. ఈ సీరియల్ అతని చేతిలో పేపరు లాగేసి ఆ నవ్వు చూపించింది. అందుకు సంతోషమే. కానీ ఆ నవ్వును తప్పు పట్టలేదు. అదే నవ్వును మనచేతా నవ్వించింది.

సాహిల్‌గా సుమీత్ రాఘవన్ చాలా చక్కగా చేశాడు. ఇటు తల్లి, అటు పెళ్ళాం, మధ్యలో రోకటిపోటు తనకి. మంచివాడు, తెలివైనవాడు, ఓర్పుగలవాడు. ఎవరి తప్పు వాళ్ళకు నచ్చచెప్పబోయి ఇద్దరిచేతా చీవాట్లు తింటాడు. చూసినవాళ్ళంతా "పాపం సాహిల్" అంటారు. "పాపం మోనీషా" అన్నవాళ్ళను నేనింతవరకు చూడలేదు. తనవాళ్ళను వదిలి వచ్చిన పిల్ల కన్నా, పుట్టిన ఇంటికి ఎదురింట్లోనే కాపరం పెట్టిన పిల్లాడి మీద మనకు జాలి ఎక్కువ. ఈ అలవాటు సీరియల్ నేర్పింది కాదు లెండి, మనం తెచ్చుకున్నదే.

మన భాషలో ఈ ఇద్దరినీ పెట్టి హాయిగా నవ్వించిన పుస్తకం ఒకటి వుంది. భానుమతిగారి "అత్తగారి కథలు". మడీ ఆచారమూ, అమాయకత్వమూ, పట్టుదలా అన్నీ కలగలిసిన అత్తగారు అందులో కనిపిస్తుంది. ఆ కథలు చెప్పేది కోడలు. కలం ఆవిడ చేతిలో వుంది, నవ్వు ఆవిడ నోట వుంది. అత్తగారి చాదస్తాన్ని చూసి నవ్వుతూనే ఆవిడ మీద గౌరవం జారిపోకుండా పట్టుకుంటుంది. ఇంట్లో పైచెయ్యి అత్తగారిది అయినా కథలో పైచెయ్యి కోడలిది. అందుకే ఆ నవ్వులో సమానత్వం వుంది. "సారాభాయ్"లో కథ చెప్పేది అత్తా కాదు, కోడలూ కాదు. ఎదురెదురు తలుపుల మధ్య నడవాలో నిలబడి ఇద్దరినీ చూసే ఒక మగవాడి చూపు అది. ఆ చూపు కరుణ లేనిది కాదు. కానీ మోనీషా వైపు నుంచి ఈ కథ ఎలా వుంటుందో మనకు ఎవరూ చెప్పలేదు. ఆవిడే చెప్పి వుంటే, అత్తగారి ఇంగ్లీషు ఆవిడ నోట ఎంత వింతగా పలికి వుండేదో!

ఇదే రచయితా, ఇదే నిర్మాత జె.డి. మజీఠియా కలిసి దీనికి రెండేళ్ళ ముందు, 2002లో, "ఖిచ్‌డీ" అని ఇంకొకటి తీశారు. అక్కడ రెండు తలుపులు లేవు. ఒకే పాత ఇల్లు, ఒకే పెద్దాయన. ఇల్లు అమ్మి ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలని పిల్లల కోరిక, తను బతికుండగా అమ్మనని ముసలాయన పంతం. ఆయన ఎప్పుడు పోతాడా అని అందరూ ఆయనతోనే కలిసి కూర్చుని భోజనం చేస్తుంటారు! ఆలోచిస్తే ఒళ్ళు జలదరించే కథ. అందరూ వెర్రిబాగులవాళ్ళు కాబట్టి నవ్వుతాం. అందులో కోడలు హంసగా సుప్రియా పాఠక్ – మన మాయకు సొంత చెల్లెలు – ఇంట్లో పుల్ల తీసి పుల్ల పెట్టదు. అయినా ఆవిణ్ణి ఎవరూ దిద్దరు, ఎందుకంటే దిద్దడానికి ఆ ఇంట్లో అత్తగారు లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. కోడలు సోమరి కావడం తప్పు కాదు, దాన్ని తప్పని చెప్పేవాళ్ళు ఇంట్లో వుంటేనే అది తప్పు.

తెలుగులో మనకు ఇలాంటి సీరియల్ ఎందుకు రాలేదని అడిగేవాళ్ళున్నారు. హాస్యం రాకపోలేదు. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన గుణ్ణం గంగరాజుగారి "అమృతం" ఇప్పటికీ జనం నోట వుంది. కానీ అందులో గొడవంతా అమృతరావూ ఆంజనేయులూ అనే ఇద్దరు స్నేహితులది, వాళ్ళ హోటలుది, ఇంటి ఓనరు అప్పాజీది. భార్యలు వున్నారు, తెలివైనవాళ్ళే, అయినా కథకు ఇరుసు వాళ్ళు కారు. అత్తాకోడళ్ళను మాత్రం మన టి.వి. ఏడుపుకే అంకితం చేసి పెట్టింది. ఇద్దరు ఆడవాళ్ళను ఇరుసు చేసి హాస్యాన్ని తిప్పే బండి మనకింకా రావలసి వుంది.

"సారాభాయ్"లో ఇప్పుడు చూస్తే పంటికింద రాళ్ళు కూడా తగులుతాయి. వినపడని మధుసూదన్ మామయ్యను పెట్టి చేసిన హాస్యం రెండోసారికే విసుగు పుట్టిస్తుంది. అల్లుడు దుష్యంత్ – ఆ వేషం వేసింది దర్శకుడు దేవెన్ భోజానీయే – యంత్రం కనిపిస్తే చాలు, అది ఎలా పనిచేస్తుందో వివరించందే వదలడు. అది భరించవచ్చు, అలాంటి అల్లుళ్ళు లేని ఇల్లు లేదు. కానీ రోసేష్ గొంతునీ, వాడి సున్నితాన్నీ, అమ్మకూచితనాన్నీ పట్టుకుని తండ్రి చేసే వేళాకోళం అంత తేలిగ్గా మింగుడుపడదు. మగపిల్లాడు మెత్తగా వుంటే ఇంటిల్లిపాదీ నవ్వచ్చన్నది ఇప్పటి పిల్లలు ఒప్పుకోని మాట. ఒప్పుకోకపోవడం మంచిదే. రాజేష్ కుమార్ ఆ వేషంలో అంత నమ్మకంగా నటించాడు కాబట్టి రోసేష్ వట్టి బొమ్మ కాకుండా బతికాడు. 2017లో హాట్‌స్టార్‌లో ఇదే కుటుంబాన్ని మళ్ళీ తీసుకొచ్చారు. మనుషులు వాళ్ళే గానీ, పాత రుచి తగల్లేదు. నిన్నటి పులుసు రుచిగానే వుంటుంది గానీ, పదకొండేళ్ళ నాటిది వేడి చేస్తే కష్టం.

ఇవన్నీ చిన్నవి. అసలు చెప్పవలసింది చివరికి అట్టేపెట్టాను.

మోనీషా అసలు పేరు మోనీషా కాదు. మనీషా. ఆ పేరు మరీ మిడిల్ క్లాసుగా వుందని అత్తగారు ఒక అక్షరం దిద్ది మోనీషా చేసింది. ఇది సీరియల్లో ఒక చిన్న హాస్యోక్తి. చెప్పారు, నవ్వాం, కథ ముందుకెళ్ళింది. కానీ ఆలోచించండి. మాయ ఏళ్ళ తరబడి దిద్దబోయి ఏదీ దిద్దలేకపోయింది – బేరం దిద్దలేదు, ఇల్లు దిద్దలేదు, మాట దిద్దలేదు. ఒక్క పేరు మాత్రం దిద్దింది. ఆ దిద్దుబాటు నిలిచిపోయింది. మొగుడు ఆ పేరుతోనే పిలుస్తాడు. వెనకేసుకొచ్చే మామగారు ఆ పేరుతోనే పిలుస్తాడు. ఆవిడ కూడా ఆ పేరుకే పలుకుతుంది.

దేశంలో కొన్ని చోట్ల పెళ్ళిపీటల మీదే పెళ్ళికూతురి పేరు మార్చే ఆచారం వుంది. మన తెలుగునాట పేరు జోలికి అంతగా పోరు గానీ, ఇంటిపేరు మారుతుంది. కొన్ని ఇళ్ళల్లో "మా ఆడపడుచు పేరూ ఇదే, అంచేత నిన్ను ఇలా పిలుస్తాం" అని ఇంకో పేరు తగిలిస్తారు. ఎవరూ దాన్ని అవమానం అనుకోరు. ముద్దు అనుకుంటారు. పాతికేళ్ళ తరవాత పుట్టింటివాళ్ళు ఎవరో పాతపేరుతో పిలిస్తే, ఎవర్ని పిలుస్తున్నారా అని ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసినవాళ్ళు మీలో ఎందరో వుంటారు.

కోడలు ఓడిపోదు, ఏడవదు, తను తనలాగే వుండిపోతుంది అని మనం ఈ సీరియల్ని మెచ్చుకుంటాం. చాలామట్టుకు అది నిజం. మారమని ఎంత పోరినా మారకుండా, మారనందుకు శిక్ష కూడా పడకుండా ఒక కోడలు తెరమీద బతికిందంటే అది చిన్న సంగతి కాదు. ఏడుపు సీరియళ్ళు ఎనిమిదేళ్ళలో ఇవ్వలేని ధైర్యాన్ని ఇది రెండేళ్ళలో ఇచ్చింది. అందుకే ఇంట్లో అత్తగారూ కోడలూ కలిసి కూర్చుని చూడతగ్గది అని నిస్సందేహంగా చెప్తాను. ఇద్దరూ ఒకే చోట నవ్వుతారో లేదో గమనించుకోవడానికైనా చూడాలి.

అయితే ఒక్కమాట. ఈ వ్యాసం మొదలుపెట్టింది మొదలు నేనూ ఆ పిల్లని మోనీషా అనే రాస్తూ వచ్చాను. వేరే పేరుతో రాస్తే ఎవరి గురించో మీకు తెలియదు మరి. అత్తగారి గెలుపు అంత నిశ్శబ్దంగా వుంటుంది. ఈసారి చూసేటప్పుడు మనసులోనైనా ఆ పిల్లని మనీషా అని పిలిచి చూడండి.